జూలై ఒకటిన పుట్టిన ఊరు

మా జీడివలసలో పదకొండు వందల నలభై మూడు మంది జూలై ఒకటో తారీఖున పుట్టారు. అందులో నేనూ ఒకణ్ణి. మా అన్నా నేనూ ఒకే ఏడాది, ఒకే రోజున పుట్టాం. వాడు నాకంటే రెండేళ్లు పెద్ద. ఇందులో వింత ఉందని మాకెవరికీ తోచలేదు, ప్రభుత్వానికి చరిత్ర మీద ప్రేమ కలిగేంతవరకు.

ఆ ప్రేమ ఎలా కలిగిందంటే, రాజధానిలో ఓ పెద్దాయన ఫోనుకి రోజూ పొద్దున్నే ‘చరిత్రలో ఈ రోజు’ అని ఓ సందేశం వచ్చేదిట. ఈ రోజున ఫలానా దేశంలో యుద్ధం మొదలైంది, ఫలానా శాస్త్రజ్ఞుడు పుట్టాడు, ఫలానా రాజు పోయాడు. కాఫీ తాగుతూ అది చదివి ఆయన ఉత్తేజం పొందేవాడు. పొందినంత కాలం బాగానే ఉంది. ఒక రోజు, తానొక్కడే ఉత్తేజం పొందడం అన్యాయమని, అది ప్రతి పల్లెకూ అందాలని ఆయనకు తోచింది. నెల తిరక్కుండా ‘నిత్య చారిత్రక స్ఫూర్తి పథకం’ ఊళ్ల మీదికి వచ్చి పడింది.

పథకం చూడ్డానికి చిన్నదే. ప్రతి గ్రామ సచివాలయం ముందూ ఒక నల్లబల్ల. దాని మీద మూడు గడులు: ఘటన, జననం, మరణం. ఆ తారీఖున, ఆ ఊళ్లో, ఎప్పుడో ఒకప్పుడు జరిగిన ఒక విశేషం, పుట్టిన ఒక మనిషి, పోయిన ఒక మనిషి. రోజూ రాయాలి, ఫోటో తియ్యాలి, యాప్‌లోకి ఎక్కించాలి. మూడు గడులూ నిండితే పచ్చ గుర్తు. ఒక్కటి ఖాళీగా ఉన్నా ఎర్ర గుర్తు. కొన్ని ఊళ్ల వాళ్లు పచ్చ గుర్తు పడ్డాక కూడా వెనక్కి వెళ్లి తమ చరిత్రను ఇంకాస్త మెరుగుపరుచుకుంటున్నారని తెలిసి, ఆ తర్వాత ఇంకో నియమం చేర్చారు. ‘పచ్చ గుర్తు పడిన దినమును ఎట్టి పరిస్థితులలోనూ, ఎంతటి వారైనను మార్చరాదు.’

మా పంచాయతీ సెక్రటరీ హైమావతి. పట్నం నుంచి బస్సులో వచ్చిపోయే ఇరవయ్యారేళ్ల పిల్ల. సచివాలయానికి ఎదురుగా నాకో జిరాక్స్ కొట్టు ఉంది కాబట్టి ఆ పిల్ల కష్టం రోజూ నా కళ్లముందే జరిగేది.

ఘటనకి లోటు లేదు. ‘ఈ రోజున కరణంగారి గేదె నేలబావిలో పడి క్షేమంగా బయటపడింది.’ ‘ఈ రోజున మన ఊరికి మొదటి ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది, ఈ రోజునే కాలిపోయింది.’ మరణానికీ లోటు లేదు; పాత చావు పుట్టుకల పుస్తకంలో చావులన్నీ తలారులు శ్రద్ధగానే రాయించారు, పుట్టుకలే రాయించలేదు. వచ్చిన చిక్కల్లా జననంతోనే. ఊళ్లో ఎవరి కాయితం తీసినా జూలై ఒకటి. ఈమధ్య పుట్టిన పిల్లలకి సరైన తారీఖులు ఉన్నాయి గాని, వాళ్లంతా పట్నం ఆస్పత్రిలో పుట్టారు. నిబంధన ప్రకారం వాళ్లు పట్నం చరిత్ర కిందకి వస్తారు, మా చరిత్ర కిందకి రారు.

అంచేత ఏడాది మొత్తం మీద మా ఊరికి దక్కేది ఒకే ఒక్క పచ్చ గుర్తు. మిగతా రోజులన్నీ ఎరుపే. హైమావతికి వారం వారం ‘స్ఫూర్తి లోప నోటీసు’ వచ్చేది. ఆమె దాన్ని నా దగ్గర మూడు కాపీలు తీయించుకుని సంజాయిషీ రాసేది.

“మీ ఊళ్లో ఆడవాళ్లు ఇంకే రోజునా కనలేదా అండీ?” అని ఒక రోజు నన్నే అడిగింది, ఏడుపొక్కటే తక్కువ.

“కన్నారమ్మా. మాస్టారు రాయలేదు, అంతే,” అన్నాను.

ఆ మాస్టారు భుజంగరావు గారు. ముప్పై ఆరేళ్లు మా ఊరి బడికి హెడ్మాస్టరు. ఎనభై ఏళ్లొచ్చినా వంగని నడుము, జేబులో సిరా పెన్ను. జూన్ నెలలో తల్లులు పిల్లల్ని ఈడ్చుకొచ్చేవారు. “ఎప్పుడు పుట్టాడమ్మా?” అంటే, “గాలివానొచ్చిన ఏడు బాబూ, మా ఎర్రావు ఈనిన రెండ్రోజులకి,” అనేవారు. రిజిస్టరులో గాలివానకి గడి లేదు, ఎర్రావుకీ లేదు. మాస్టారు పిల్లవాడి కుడిచెయ్యి తల మీంచి తిప్పి ఎడమ చెవి ముట్టుకోమనేవారు. అందితే అయిదేళ్లు నిండినట్టు. ఇన్‌స్పెక్టరేమో జూలై ఒకటికి అయిదు నిండి ఉండాలి అన్నాడు. అంచేత మాస్టారు సరిగ్గా అయిదేళ్లు వెనక్కి లెక్కేసి, జూలై ఒకటి రాసి, అద్దుడు కాయితం అద్ది, “పోరా, అచ్చులు దిద్దు,” అనేవారు. అలా మేమంతా పుట్టాం.

సరే. వరసగా ఎర్ర గుర్తులు పడుతున్న ఊరేదో చూద్దామని జిల్లా స్ఫూర్తి అధికారి విశ్వంభరం గారు స్వయంగా జీపు దిగారు. నున్నటి మనిషి, నున్నటి మాట. హైమావతి బడి రిజిస్టర్లు ముందు పెట్టింది. ఆయన పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. మూడో రిజిస్టరుకి వచ్చేసరికి లేచి నిలబడ్డారు.

“సెక్రటరీ గారూ! ఇది లోపం కాదు. ఇది అపూర్వం!”

“సార్?”

“ప్రపంచంలో ఏ జనావాసంలోనైనా, ముప్పై ఆరు సంవత్సరాల పాటు, సమస్త జననాలూ ఒకే దినమున సంభవించిన దాఖలా ఉన్నదా? పైగా నలభై ఒక్క జతల కవలలు!”

మా అన్నా నేనూ అందులో ఒక జత.

మాస్టార్ని పిలిపించారు. నేనూ తోడు వెళ్లాను.

“మాస్టారూ, ఈ మహత్తర పరిణామం ఎలా సంభవించిందో తమరు సెలవివ్వాలి.”

“సంభవించలేదు బాబూ. నేను రాశాను.”

“రాశారు సరే. జరిగినదాన్ని నమోదు చేశారు.”

“జరగలేదు. పుట్టినరోజు ఎవరికీ తెలీదు. గడి ఖాళీగా వదిలితే ఇన్‌స్పెక్టరు తిట్టేవాడు. చెవి అందితే చాలు, జూలై ఒకటి వేసేసేవాణ్ణి. ఆ మాటకొస్తే నాదీ జూలై ఒకటే. మా మాస్టారు వేశాడు.”

విశ్వంభరం గారు రిజిస్టరు మూసేశారు. “మాస్టారూ, రికార్డులో ఉన్నది చరిత్ర. రికార్డులో లేనిది జ్ఞాపకం. జ్ఞాపకానికి మా యాప్‌లో గడి లేదు. పోతే, పదకొండు వందల తప్పుడు నమోదులు చేశానని తమరు అంటున్నారు. అది నేరం. తమ వయసును దృష్టిలో ఉంచుకుని ఆ మాట నేను వినలేదు.”

బయటికొచ్చాక మాస్టారు నాతో, “ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తప్పు దొరుకుతుందేమో అని భయపడి చచ్చాను. ఇప్పుడు నేనే ఒప్పుకుంటుంటే ఎవడూ పుచ్చుకోడేంట్రా,” అన్నారు.

పది రోజుల్లో ముగ్గురు నిపుణులు దిగారు. ఒకాయన నీళ్లు పరీక్షించాడు. ఒకాయన మట్టి పరీక్షించాడు. మూడో ఆయన చరిత్రకారుడు; జూలై ఒకటి నుంచి వెనక్కి తొమ్మిది నెలలు లెక్కవేసి, రహస్యమంతా అక్టోబరు మొదటి వారంలో ఉందని కనిపెట్టాడు. అక్కణ్ణుంచి ఊళ్లో ముసలమ్మలందర్నీ వరసగా కూచోబెట్టి విచారణ మొదలైంది. మొదట దొరికింది సన్యాసమ్మ.

“అవ్వా, పూర్వం అక్టోబరు మాసంలో ఈ గ్రామంలో ప్రత్యేకంగా ఏమి జరిగేది?”

“ఏటి జరుగుద్ది బాబూ. కలుపు తీసీవోళ్లం.”

“పగలు సరే. సాయంకాలం?”

“అంబలి తాగీవోళ్లం.”

“ఆ తర్వాత?”

సన్యాసమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. “నీకు పెళ్లయినాదా బాబూ?”

“అయింది.”

“మరి నన్నడుగుతావేటి?”

అరవై నాలుగు పేజీల నివేదిక వచ్చింది. నా కొట్లోనే జిరాక్స్ తీశారు కాబట్టి చదివాను. అక్టోబరు మొదటి వారంలో కొండ మీంచి వీచే జీడిపూల పరిమళం ఈ గ్రామ దంపతుల మీద విశేష ప్రభావం చూపినట్టు తేలిందిట. జీడి అక్టోబరులో పూయదండీ, సంక్రాంతి దగ్గర పడితే గాని పూత రాదండీ అని నేను చెప్పాను. చరిత్రకారుడు నన్ను జాలిగా చూసి, “అది వృక్షశాస్త్రం నాయనా. ఇది చరిత్ర,” అన్నాడు.

దాంతో జీడివలసని ‘ఏకదిన జనన వారసత్వ గ్రామం’గా ప్రకటించారు. జూలై ఒకటిన మహోత్సవం. సచివాలయం పక్కన స్తూపం. ఆ రోజు నుంచి మా ఊరికి మిగతా తారీఖుల్లో జననం గడి పూర్తిగా ఎత్తేస్తారు, ఎర్ర గుర్తులు ఉండవు. హైమావతి ఆ పూట నాకు టీ ఇప్పించింది. నోటీసులు లేని బతుకు ఎలా ఉంటుందో ఊహించుకుంటూ చాలాసేపు నవ్వుతూ కూర్చుంది.

అయితే వారసత్వం అన్నాక దాన్ని కాపాడాలి. కాపాడ్డానికి మార్గదర్శకాలు వచ్చాయి. నాలుగో మార్గదర్శకం ఇలా ఉంది: ‘ఇకమీదట గ్రామ పరిధిలో ఇతర దినములలో జననములు సంభవించకుండ సంబంధిత సిబ్బంది తగు జాగ్రత్తలు తీసుకొనవలెను.’

సంబంధిత సిబ్బంది అంటే నర్సమ్మ సుగుణ. ఇరవై రెండేళ్లుగా మా ఊరి సబ్‌సెంటర్లో ఉంది. ఆమె ఆ కాయితం చదివి, మడిచి, కదులుతున్న బల్ల కాలు కింద పెట్టింది.

ఇదంతా ఇలా నవ్వుతాలుగానే పోయేది. కాని ఆ సమయానికి తవిటినాయుడు పెళ్లాం ఈశ్వరికి నెలలు నిండాయి.

తవిటినాయుడు సన్యాసమ్మ కొడుకు. తాపీ మేస్త్రి. ఆ స్తూపం కడుతున్నవాడు అతనే. ఇటుక మీద ఇటుక పెడుతున్నప్పుడల్లా అతని మొహం చూడాలి, శత్రువుకి సమాధి కడుతున్నట్టు ఉండేది. కారణం ఉంది. తవిటినాయుడు నాగులచవితి నాడు పుట్టాడు. పుట్టలో పాలు పోసి ఇంటికొస్తూ సన్యాసమ్మ దారిలో నొప్పులు పడింది, ఊరందరికీ తెలుసు. మాస్టారు జూలై ఒకటి రాశారు. అంటే కాయితం మీద నాలుగు నెలలు పెద్దవాడైపోయాడు. ఆర్మీ సెలక్షన్లకి వెళ్లి పరుగులో మొదటివాడుగా వచ్చాడు, ఛాతీ సరిపోయింది, కళ్లు సరిపోయాయి. కాయితం దగ్గర ఆపేశారు. వయసు పంతొమ్మిది రోజులు ఎక్కువైంది.

“నాగులచవితి నాడు పుట్టినోడిని నాను,” అని అక్కడి అధికారి కాళ్ల మీద పడ్డాడట. వాళ్ల ఫారంలోనూ నాగులచవితికి గడి లేదు.

పెళ్లయినప్పట్నుంచీ అతనికి ఒకటే మాట. “నా బిడ్డని పట్నం ఆస్పత్రిలో కనాల. పుట్టిన రోజు పుట్టినట్టు రాయించాల. ఆ బిడ్డకి సొంత రోజుండాల.” ఈశ్వరికీ అదే పట్టుదల. పట్నం డాక్టరమ్మ జూలై నాలుగు అని చెప్పింది. రెండు రోజుల ముందే వెళ్లి చేరాలని సంచీ కూడా సర్దుకున్నారు.

ఆ నాలుగో తారీఖు విశ్వంభరం గారి చెవిన పడింది. ఆయన మళ్లీ లేచి నిలబడ్డారు.

“మూడు రోజులే తేడా! సెక్రటరీ గారూ, పదకొండు వందల నలభై మూడూ గతం. మనకు సజీవ నిదర్శనం కావాలి. అతిథుల సమక్షంలో, జూలై ఒకటిన, ఈ గడ్డ మీదే పదకొండు వందల నలభై నాలుగో జననం!”

“సార్, నొప్పులు మన చేతిలో ఉండవు కదండీ,” అంది హైమావతి.

“డాక్టర్లు ఉంటారు. ఒకటో తారీఖు ఉదయం పది గంటలకి ముగ్గురు డాక్టర్లు వస్తారు. వాళ్ల చేతిలో ఉంటుంది.”

ఆహ్వానపత్రం అచ్చయింది. ఉదయం పదిన్నరకి జ్యోతి ప్రజ్వలన. పదీ నలభైకి అతిథుల ప్రసంగాలు. పదకొండు గంటలకి జననం. పదకొండుంపావుకి వందన సమర్పణ.

ఈశ్వరి ఉత్సవం ముగిసేదాకా ఊరు దాటకూడదని ఉత్తరువు కూడా వచ్చింది. దాన్ని విశ్వంభరం గారు స్వయంగా వాళ్లింటికి తెచ్చి, చాలా మర్యాదగా చదివి వినిపించారు. తవిటినాయుడు చేతిలో తాపీ ఉంది. సన్యాసమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

“బాబూ, నా పెళ్లాం నాలుగో తారీకు కంటాదని డాక్టరమ్మ సెప్పినాది,” అన్నాడు తవిటినాయుడు.

“మూడు రోజులే కదా నాయుడూ. చరిత్ర కోసం మూడు రోజులు సర్దుకోలేరా?”

“నాను పంతొమ్మిది రోజులు సర్దుకున్నాను బాబూ. ఇంక నావల్ల గాదు.”

లోపల్నుంచి ఈశ్వరి గొంతు వినపడింది. “మావా, ఆ బాబుకి సెప్పు. కడుపు నాది. తారీకు ఆయనిది గాదు.”

విశ్వంభరం గారు నవ్వారు. “భావోద్వేగం సహజం,” అని ఉత్తరువు గుమ్మానికి అంటించి వెళ్లిపోయారు. ఇద్దరు హోంగార్డులు వీధి చివర కూర్చున్నారు.

జూన్ ముప్పై వచ్చింది. రిహార్సలు. సచివాలయం ముందు షామియానా, మైకులు. ఊళ్లో ఉన్న రెండు ఆటోలనీ కుర్చీల కోసం తీసుకుపోయారు. అంబులెన్సుని ఊరేగింపు శకటంగా మార్చారు: పైన థర్మోకోల్ ఊయల, చుట్టూ బంతిపూలు, లోపల స్ట్రెచరు తీసేసి మేళగాళ్లు.

పదకొండు గంటల వేళ తవిటినాయుడు పరిగెత్తుకొచ్చాడు. స్తూపం మీద ఇంకా తడారలేదు, అతని చేతులకి సిమెంటు.

“అమ్మీ, సెక్రటరీ అమ్మీ! నొప్పులొచ్చీసినాయి. బండి కావాల!”

హైమావతి అంబులెన్సు వైపు చూసింది. డ్రైవరు తల గోక్కున్నాడు. “ఊయల మేకులు కొట్టీసారండి. తలుపు తెరిస్తే ఊయల కింద పడిపోద్ది. సారు పర్మిషన్ కావాల.”

సారు వేదిక మీద ఉన్నారు. మైకు ముందు రేపటి ప్రసంగం సాధన చేస్తున్నారు. హైమావతి వెళ్లి చెవిలో చెప్పింది. ఆయన మైకు ఆపలేదు కాబట్టి ఊరంతా విన్నాం.

“ఇవాళ ఎలా వస్తాయండీ? కార్యక్రమం రేపు! నర్సుని పిలిచి నిలపమనండి.”

నర్సమ్మ సుగుణ అప్పటికే ఈశ్వరిని రెక్క పట్టుకుని నడిపించుకొస్తోంది. షామియానా దాటి, కుర్చీలు దాటి, సచివాలయం గుమ్మం దాటి మీటింగు గదిలోకి తీసుకెళ్లింది. “నిలపడానికి ఇదేమన్నా బస్సా,” అని ఆయనకి వినపడేలాగే అంది. ఆ మరుక్షణం లోపలి బెంచీల మీంచి ఆహ్వానపత్రాల కట్టలన్నీ బయటికి వచ్చి పడ్డాయి. వెనక సన్యాసమ్మ వేడినీళ్లతో పరిగెత్తింది. హైమావతి తన దుపట్టా తీసి కిటికీకి కట్టింది.

ఊరంతా షామియానా కింద చేరిపోయింది. తవిటినాయుడు స్తూపానికి వీపు ఆనించి నేల మీద కూచున్నాడు. మాస్టారు వెళ్లి అతని పక్కనే కూచున్నారు. ఆర్మీ సెలక్షన్లు పోయిన పన్నెండేళ్లలో వాళ్లిద్దరూ పక్కపక్కన కూచోవడం నేను చూడలేదు. అరగంట గడిచింది. గంట గడిచింది. లోపల ఒక కేక. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. తవిటినాయుడు పిడికిట్లో ఎండిన సిమెంటు పొడి పొడిగా రాలుతోంది.

విశ్వంభరం గారికి మాత్రం రిహార్సలు సగంలో ఆపే అలవాటు లేదు. మైకు దగ్గరికి లాక్కున్నారు.

“సోదర సోదరీమణులారా! ఈ పవిత్ర గ్రామంలో జూలై ఒకటి తప్ప మరే దినమునా ఒక్క శిశువు కూడా...”

‘క్యార్’మని లోపల్నుంచి వినపడింది.

మైకు దాన్ని పట్టుకుని ఊరి నాలుగు చెరగులకీ వినిపించింది. మేళగాళ్లు రిహార్సల్లో చెప్పినట్టే వాయించేశారు. నర్సమ్మ గుమ్మంలోకొచ్చి, చెమట తుడుచుకుంటూ, “ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. పన్నెండూ నలభై ఏడు,” అంది.

మాస్టారు తవిటినాయుడి భుజం పట్టుకుని లేపారు.

ఆ కాస్త సందడి తగ్గాక, విశ్వంభరం గారు వేదిక దిగి, గొంతు తగ్గించారు. “మంచిది. తల్లీబిడ్డా క్షేమం, సంతోషం. బిడ్డను లోపలే ఉంచండి. రేపు పదకొండు గంటలకు బయటికి తెద్దాం. జననం జూలై ఒకటి అని రాయండి.”

“అది గాదు బాబూ, ఇయాల గదా పుట్టినాది,” అన్నాడు తవిటినాయుడు.

“ఒక్క రోజే కదయ్యా!”

“ఊరంతా సూసినాది. మీరూ సూసినారు.”

“చూడ్డం వేరు, నమోదు వేరు. సెక్రటరీ గారూ, రాయండి.”

హైమావతి నల్లబల్ల వైపు చూసింది. ఆ పొద్దున్న రాసింది అలాగే ఉంది. జూన్ ముప్పై. ఘటన: ‘ఈ రోజున చాకలి గెడ్డ మీద వంతెన కూలింది.’ మరణం: ‘ఈ రోజున ప్రెసిడెంటు గారి తల్లి కాలం చేసింది.’ మధ్యలో జననం గడి ఖాళీ. ఏడాదిగా వారం వారం ఆ ఖాళీకి సంజాయిషీ రాసిన పిల్ల. ఏమనుకుందో గాని, సుద్దముక్క తీసుకుని తిన్నగా వెళ్లి ఆ గడిలో రాసింది: ‘ఈ రోజున మధ్యాహ్నం 12.47కి, ఈ సచివాలయంలో, ఈశ్వరీ తవిటినాయుడు దంపతులకు ఆడపిల్ల.’ ఫోటో తీసింది. ఎక్కించింది. ఫోటోలో విశ్వంభరం గారు కూడా పడ్డారు, నోరు తెరుచుకుని.

ఫోను టింగుమంది. పచ్చ గుర్తు.

“తీసెయ్యండి దాన్ని!” అన్నారాయన.

“తియ్యలేనండి.”

“ఎందుకు తియ్యలేరు?”

హైమావతి ఫోను ఆయన ముందు పెట్టింది. తెర మీద ఉన్నది చదివారు. పచ్చ గుర్తు పడిన దినమును ఎట్టి పరిస్థితులలోనూ, ఎంతటి వారైనను మార్చరాదు. కింద ఆ నియమాన్ని ప్రతిపాదించిన అధికారి పేరు కూడా ఉంది. ఆయన పేరే.

జనన పత్రం రాయాలంటే ఊరి పెద్ద ఒకరు సాక్షి సంతకం పెట్టి, తారీఖు తన చేత్తో వెయ్యాలి. అందరూ మాస్టారి వైపు చూశారు. ఆయన బెంచీ మీద కూర్చుని, జేబులోంచి సిరా పెన్ను తీశారు. తారీఖు గడి మీద పెట్టారు. నేను పక్కనే ఉన్నాను. ముప్పై ఆరేళ్ల అలవాటు, చెయ్యి దానంతట అదే ‘1’ వేసేసింది.

ఆగిపోయారు.

మాస్టారు ఆ ఒకటిని అడ్డంగా కొట్టేసి, పక్కన 30-6 అని వేసి, చిన్న సంతకం పెట్టారు. “నా సర్వీసు మొత్తంలో ఇదే మొదటి కొట్టివేతరా,” అన్నారు తవిటినాయుడితో. తవిటినాయుడు ఆయన చేతిలోంచి పెన్ను తీసుకుని, మూత బిగించి, మళ్లీ ఆయన జేబులో పెట్టాడు.

మహోత్సవం మర్నాడు జరగనే జరిగింది. అతిథులు వచ్చారు. పదకొండు గంటలకి జననం అని ఉన్నచోట స్థానిక బాలికల కోలాటం పెట్టారు. స్తూపం శాసనంలో ‘మరే దినమునా’ అన్నదానికి ముందు ‘సాధారణంగా’ అని చేర్చారు. చేర్చే పనికి తవిటినాయుడు రాలేదు. పక్క ఊరి మేస్త్రి వచ్చాడు.

హైమావతికి నోటీసు వచ్చింది. ‘ముందస్తు అనుమతి లేకుండ జూన్ 30న జననము సంభవించుటకు గల కారణములను ఏడు దినములలోగా తెలుపవలెను.’ ఆమె నా కొట్లో కూర్చునే సంజాయిషీ రాసింది. ‘నొప్పులు వచ్చినందున.’ ఆ ఫైలు ఇంకా పరిశీలనలో ఉందని వినికిడి.

ఇది జరిగి అయిదేళ్లయింది. పిల్లకి నర్సమ్మ పేరే పెట్టారు, సుగుణ అని. ప్రతి జూన్ ముప్పైకి తవిటినాయుడు ఇంటి ముందు ఊరంతా చేరుతుంది. తమ రోజేదో తెలియని పదకొండు వందల మందికీ ఆ పిల్ల రోజే పండగ. మర్నాడు జూలై ఒకటిన ఆఫీసు నుంచి ఎవరో వచ్చి స్తూపానికి దండ వేసి, ఫోటో తీసుకుని వెళ్తారు. ఎదురుగా నా కొట్టు తప్ప ఇంకేదీ తెరిచి ఉండదు.

ఇవాళ పొద్దున్న సుగుణని బడిలో వేశారు. హెడ్మాస్టరు కొత్తాయన. చెవి ముట్టుకోమనడం లేదు ఇప్పుడు, అన్నీ కంప్యూటరులోనే. ఆయన ఊరి పేరు కొట్టగానే పుట్టినతేదీ గడిలో 01-07 అని దానంతట అదే వచ్చి కూర్చుంది. వారసత్వ గ్రామం కదా, ముందే నింపి పెట్టారు. మార్చాలంటే జిల్లా నుంచి అనుమతి నంబరు రావాలిట.

“ఒక్క రోజే కదా నాయుడూ, దానికేముంది,” అన్నాడు హెడ్మాస్టరు.

తవిటినాయుడు నోరు తెరిచేలోపు పిల్ల అందుకుంది. చేతిలో జనన పత్రం, దాని మీద ఆ కొట్టివేత.

“ఒక్క రోజే గదా మాస్టారూ. అయితే మీ రోజు మార్చుకోండి. నాది నాకుండనీండి.”

ఇది రాస్తున్న ఈ వేళకి హెడ్మాస్టరు జిల్లా ఆఫీసు వాళ్లని ఫోనులో బతిమాలుతూనే ఉన్నాడు. సుగుణ బల్ల ఎక్కి కూచుని, కాళ్లు ఊపుతూ ఆ కంప్యూటరునే చూస్తోంది. తవిటినాయుడు బడి వరండాలో చతికిలబడ్డాడు, పక్కన భుజంగరావు మాస్టారు. ఇద్దరికీ లేచే ఉద్దేశం ఉన్నట్టు లేదు. మాస్టారైతే పెన్ను మూత తీసి పట్టుకుని మరీ కూచున్నారు.